సంఘం ఉంది, పొదుపు ఉంది... పాఠం ఎక్కడ?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019-21 మధ్య జరిగింది. తెలుగు రాష్ట్రాలకు సంబంధించి అందులో పక్కపక్కన పెట్టి చూడాల్సిన అంకెలు రెండున్నాయి. తామే స్వయంగా వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 82 శాతం, తెలంగాణలో 84 శాతం. రెండూ దేశ సగటును మించినవే. రెండో అంకె వేరే ప్రశ్నకు వచ్చిన జవాబు. కూర సరిగా వండలేదనో, చెప్పకుండా బయటికి వెళ్లిందనో, అత్తమామలను గౌరవించలేదనో, ఇలాంటి ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనన్న మహిళలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. దేశ సగటు 45 శాతం. ఈ విషయంలో మొదటి రెండు స్థానాలూ మనవే.

ఈ రెండు అంకెలూ ఒకే ఇళ్ల నుంచి వచ్చాయి. మహిళా సంఘాల విషయంలో దేశం మొత్తానికి దారి చూపిన నేల ఇది. బ్యాంకు మేనేజరు ఎదుట నిలబడి లింకేజీ లోను గురించి గట్టిగా మాట్లాడగల మహిళ, ఇంట్లో చెంపదెబ్బను న్యాయమేనంటోంది. ఆదాయం, సంఘబలం పెరిగితే ఆత్మగౌరవం దానంతటదే వస్తుందన్న నమ్మకాన్ని మళ్లీ పరిశీలించక తప్పదు.

జీవన నాణ్యతను తలసరి ఆదాయంతో మాత్రమే కొలవకూడదని 1990లో మొదటి మానవాభివృద్ధి నివేదికతో మహబూబ్ ఉల్ హక్ బృందం ప్రపంచాన్ని ఒప్పించింది. ఆ తర్వాతి మూడు దశాబ్దాల్లో మన దేశంలో రెండు ప్రయత్నాలు సాగాయి. ఊరివాళ్లను కూడగట్టి పొదుపు, నీరు, సాగు లాంటి పనులను వాళ్ల చేతుల్లోనే పెట్టడం ఒకటి. ఆలోచించడం, మాట్లాడటం, కాదనడం, కోపాన్నీ ఒత్తిడినీ తట్టుకోవడం నేర్పే జీవన నైపుణ్యాల విద్య ఇంకొకటి. మొదటిది గ్రామీణాభివృద్ధి శాఖ వాటాకు, రెండోది విద్యాశాఖ వాటాకు పోయాయి. ఆ విడదీతే అసలు సమస్య. రెండూ కలిసి ఉన్నచోట ఏం జరిగిందో, విడిపోయినచోట ఏం మిగిలిందో చెప్పడానికి మన దగ్గర కావలసినన్ని ఉదాహరణలున్నాయి.

వాటిలో మొదటిది నెల్లూరు. కేరళలోని ఎర్నాకుళం 1990లో సంపూర్ణ అక్షరాస్యత సాధించిన తొలి జిల్లాగా పేరు తెచ్చుకుంది. ఆ ఊపులోనే 1991 జనవరిలో నెల్లూరు జిల్లా అక్షరదీపం వెలిగించింది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రిబడికి వచ్చేవారు. వాళ్లకిచ్చిన వాచకంలో సారాతో చితికిపోయిన సంసారం గురించి సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. అక్షరాలు కూడబలుక్కుంటూ దాన్ని చదివిన కలిగిరి మండలం దూబగుంట మహిళలు పుస్తకం మూసి ఊరుకోలేదు. ఇది మన ఇంటి సంగతే కదా, మనమెందుకు ఆపలేం అని వాదులాడుకున్నారు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందుకొచ్చారు. ఊళ్లో సారా అమ్మకం ఆగింది. ఆ గెలుపు తర్వాతి వాచకంలో పాఠంగా ఎక్కింది. దాన్ని చదివిన పక్క ఊళ్లు లేచాయి. జిల్లాలో సారా వేలంపాటలు సాగని పరిస్థితి వచ్చింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లకే సడలిపోయింది. అది వేరే కథ.

ఇక్కడ గమనించాల్సింది పాఠానికీ పనికీ మధ్య దూరం ఎంత తక్కువో. చదివింది సొంత సమస్య. దాన్ని చర్చించింది ఇరుగుపొరుగుతో. తేల్చుకున్నదాన్ని పరీక్షించింది సొంత వీధిలో. ఉద్యమం చల్లబడ్డాక అదే మహిళలు రోజుకో రూపాయి చొప్పున దాచే పొదుపు లక్ష్మి సంఘాల్లో చేరారు. చదువులోంచి చర్చ, చర్చలోంచి పోరాటం, పోరాటంలోంచి సంస్థ పుట్టాయి. ఆ తర్వాత వచ్చిన పథకాలు ఈ వరుసలో చివరిదాన్ని పట్టుకుని, మొదటి రెండింటినీ జారవిడిచాయి.

సంస్థ మాత్రం గొప్పగా ఎదిగింది. 1982లో కేంద్రం మొదలుపెట్టిన డ్వాక్రా పేరు మన ఊళ్లలో ఇప్పటికీ చెరగలేదు. 1992లో నాబార్డు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయోగం చేపట్టింది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడి, ప్రపంచ బ్యాంకు సాయంతో ఆరు జిల్లాల్లో వెలుగు ప్రాజెక్టు ప్రారంభమైంది. పది నుంచి పదిహేను మందితో సంఘం, సంఘాలన్నీ కలిసి గ్రామ సమాఖ్య, దానిపైన మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చినప్పుడు దానికి ముందున్న నమూనాల్లో ఇదొకటి. ఇక్కడి సంఘాల్లో ఆరితేరిన మహిళలు, హిందీ అంతంతమాత్రంగా వచ్చినా, బీహార్, ఉత్తరప్రదేశ్ గ్రామాలకు వెళ్లి వారాల తరబడి అక్కడే ఉండి కొత్త సంఘాలు కట్టించారు.

సంఘం మీటింగును దగ్గర నుంచి చూస్తే అది ఎంత మంచి బడో అర్థమవుతుంది. వసారాలో చాప పరుస్తారు. గుండ్రంగా కూర్చుంటారు. హాజరు, పొదుపు వసూలు, అప్పుల వాయిదాలు, కొత్త అప్పు ఎవరికి అన్న చర్చ, తీర్మానం, సంతకాలు. సంఘానికి తోడ్పడే కార్యకర్త, యానిమేటర్, మినిట్స్ పుస్తకం రాసి పైకి చదువుతుంది. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలకు లోబడి ఇదంతా నడవాలి. కూతురి పెళ్లికి అప్పు కావాలన్నావిడకూ, గేదె కోసం అడిగినావిడకూ మధ్య ఎవరికి ముందివ్వాలో పదిమంది కలిసి తేల్చాలి. అడగడం, వినడం, బేరమాడటం, వద్దనడం, మాట పడటం అన్నీ అందులో ఉన్నాయి. నైపుణ్యం అన్న పేరు పెట్టకుండానే అవి నేర్పినంతకాలం సంఘం సంఘంగానే ఉంది.

క్రమంగా అజెండాలో మిగిలింది అప్పొక్కటే. లింకేజీ టార్గెట్లు, రికవరీ శాతాలు, గ్రేడింగులు ముందుకొచ్చాయి. చాలాచోట్ల మీటింగంటే యానిమేటర్ ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకోవడమైంది. ఒకటో లీడరు, రెండో లీడరు ఏళ్ల తరబడి మారరు. ఎన్నికలొస్తే సంఘాలు సభలకు జనాన్ని తరలించే యంత్రాంగమవుతాయి. లోను మాఫీ హామీ వచ్చిన ఏడాది వాయిదాలు ఆగిపోతాయి.

అప్పు వరకే చూసుకున్నా, దాని శక్తికి హద్దు ఎక్కడో హైదరాబాదులోనే తేలింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో తదితరులు నగరంలోని 104 పేద బస్తీలను ఎంచుకుని, సగం బస్తీల్లో సూక్ష్మరుణ సంస్థ ముందుగా శాఖలు తెరిచేలా చూసి ఫలితాలను పోల్చారు. కొందరి చిల్లర వ్యాపారాలు కొంత విస్తరించాయి. ఇంట్లోకి సామాన్లు వచ్చాయి. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంటి నిర్ణయాల్లో ఆడవాళ్ల మాటకున్న విలువలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2015లో అచ్చయిన ఈ అధ్యయనం సూక్ష్మరుణాన్ని దండగనలేదు. దాని నుంచి ఆశించినవన్నీ అది ఇవ్వలేదని మాత్రం తేల్చింది.

అంతకు ముందే ఊళ్లలో సూక్ష్మరుణ సంస్థల సంగతి చేయిదాటింది. ఒకరు కట్టకపోతే మిగతా నలుగురూ కట్టాలన్న ఉమ్మడి పూచీ, ఒకే ఇంటికి నాలుగైదు సంస్థల అప్పులు, వారంవారం ఇంటిముందు వసూళ్లు. అండగా ఉండాల్సిన గుంపే వాకిట్లో బైఠాయించి పరువు తీసే గుంపుగా మారింది. ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లకు కళ్లెం వేసింది. వడ్డీ లెక్కకట్టడం, కాగితం మీద ఏముందో అడగడం, అవసరంలేని అప్పును కాదనడం ఎవరూ నేర్పని చోట సంఘబలం అప్పిచ్చినవాడికే అక్కరకొచ్చింది.

ఇక రెండో ప్రయత్నానికి వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల తొలినాళ్లలో పది జీవన నైపుణ్యాల జాబితా ఇచ్చింది. నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించుకోవడం, సృజనాత్మకంగానూ విమర్శనాత్మకంగానూ ఆలోచించడం, భావాన్ని స్పష్టంగా చెప్పడం, సంబంధాలు నిలుపుకోవడం, తన్ను తాను ఎరగడం, ఎదుటివారి స్థానంలో నిలబడి చూడటం, ఉద్వేగాలనూ ఒత్తిడినీ అదుపులో ఉంచుకోవడం. మన దేశంలో ఇవి కౌమార విద్యా కార్యక్రమంగా బడుల్లోకి వచ్చాయి. శరీరం, లైంగికత అన్న మాటలు వినపడగానే 2007లో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక సహా పలు రాష్ట్రాలు అడ్డం తిరిగాయి. తర్వాత 2014లో జాతీయ కిశోర ఆరోగ్య కార్యక్రమం తోటి పిల్లలనే బోధకులుగా తయారుచేస్తామంది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా నియమించాలన్నారు. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యావిధానం జీవన నైపుణ్యాలను పదేపదే తలుచుకుంది.

టైంటేబుల్లో మాత్రం ఆ పీరియడ్ గతి తెలిసిందే. సిలబస్ వెనకబడితే గణితం సారు దాన్ని అడిగి తీసుకుంటారు. పరీక్షలో రాని పాఠానికి పదో తరగతిలో చోటుండదు. ఉన్న కాస్త సమయంలోనూ సహానుభూతికి నిర్వచనం రాయించి మార్కులు వేసే పద్ధతి వచ్చిపడింది.

అలాగని బడిలో నేర్పితే ఫలితం ఉండదని కాదు. హర్యానాలోని సోనీపత్, పానీపత్, రోహ్తక్, ఝజ్జర్ జిల్లాల్లో 314 ప్రభుత్వ బడులతో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. బ్రేక్‌త్రూ అనే స్వచ్ఛంద సంస్థ వాటిలో 150 బడుల్లో, ఏడో తరగతి నుంచి మొదలుపెట్టి రెండున్నరేళ్లపాటు అబ్బాయిలనూ అమ్మాయిలనూ కలిపి కూర్చోబెట్టి చర్చలు నడిపింది. ఇంటిపని ఎవరిది, అక్క చదువు ఎందుకు ఆగింది, పెళ్లి వయసు ఎవరు తేల్చాలి లాంటి ప్రశ్నలు అడిగింది. పిల్లల ఆలోచనలో వచ్చిన మార్పు, కార్యక్రమం ముగిసిన రెండేళ్ల తర్వాత కూడా నిలిచే ఉందని దివా ధర్, తరుణ్ జైన్, సీమా జయచంద్రన్ లెక్కతేల్చారు. ఇంకో విశేషం: నడవడిలో మార్పు అబ్బాయిల్లోనే ఎక్కువగా కనిపించింది. ఇంటిపనిలో చేయి వేయడం మొదలుపెట్టారు. అమ్మాయిల మనసు మారినా, వాళ్ల కాళ్లకున్న బంధనాలు అలాగే ఉన్నాయి. పాఠం విన్న పిల్ల ఇంటికెళ్లి ఒంటరిగా ఎవరితో వాదించాలి? ఆమెకు వెనక నిలబడే సంఘం కావాలి.

జాంబియా రాజధాని లుసాకాలో ఇదే విషయం ఇంకో వైపు నుంచి బయటపడింది. ఎనిమిదో తరగతి అమ్మాయిల్లో కొందరికి రెండు వారాలపాటు, పెద్దవాళ్లతో గొడవ పడకుండా తమకు కావలసింది ఎలా అడగాలో, ఎలా ఒప్పించాలో నేర్పారు. తర్వాతి ఏళ్లలో వాళ్లు చదువులో నిలదొక్కుకున్నారు. కలిసి కూర్చునే చోటు మాత్రమే ఇచ్చిన అమ్మాయిల బృందంలో ఆ మేలు కనిపించలేదు. గుమిగూడటం ఒక్కటే చాలదన్నమాట.

రెండింటినీ కలిపిన ప్రయోగం ఉగాండాది. బంగ్లాదేశ్ సంస్థ బ్రాక్ 2008లో అక్కడి ఊళ్లలో కౌమార బాలికల క్లబ్బులు తెరిచింది. సాయంత్రం ఆటపాటలు, ఆరోగ్యం, పెళ్లి, హక్కుల మీద చర్చలు, వాటితోపాటు కుట్టుపని, జుట్టు అల్లడం, కోళ్ల పెంపకం లాంటి వృత్తి శిక్షణ. నాలుగేళ్లకు చూస్తే సొంత సంపాదన మొదలుపెట్టిన అమ్మాయిలు గణనీయంగా పెరిగారు. బాల్యవివాహాలు, చిన్న వయసు గర్భాలు తగ్గాయి. అదే నమూనాను టాంజానియాకు తీసుకెళ్తే ఆ ఫలితాలు రాలేదు. అక్కడ నిధులు, వసతులు తక్కువై అమలు నీరసించింది. కాగితం మీద పథకం ఒకటే అయినా, ఊళ్లో దాన్ని నడిపే చేతులు, చోటు మారితే కథ మారుతుంది.

మన దగ్గర ఈ కలయిక ఎక్కువగా కుదిరింది పొలంలో. ఖమ్మం జిల్లా, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం, పాల్వంచ మండలం పునుకులలో పత్తి రైతులు పురుగుమందుల డీలర్ల దగ్గర అప్పుకు మందు తెచ్చి, పంటను వాళ్లకే అమ్మే చక్రంలో ఇరుక్కున్నారు. 2000 తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థ సాయంతో కొందరు మందు మానేసి చూశారు. పురుగు కనబడగానే డబ్బా ఎత్తడం కాకుండా, రోజూ పొలంలో దిగి ఏది శత్రు పురుగో ఏది మిత్ర పురుగో గుర్తుపట్టడం, ఎన్ని ఉంటే పంటకు ముప్పో లెక్కించడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం, వేపగింజల కషాయం కాయడం నేర్చారు. మహిళా సంఘాలు వేపగింజలు సేకరించి పొడి కొట్టే పనికి దిగాయి. మందు కొట్టొద్దని మగవాళ్లను నిలదీసిందీ వాళ్లే. 2004 నాటికి పంచాయతీ తమ ఊరిని పురుగుమందుల్లేని గ్రామంగా ప్రకటించుకుంది. ఆ ఏడాదే సెర్ప్ ఈ పద్ధతిని సంఘాల ద్వారా ఇతర జిల్లాలకు తీసుకెళ్లింది. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి సాగు దానికి కొనసాగింపే. రైతే రైతుకు నేర్పే ఈ కార్యక్రమం 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారాన్ని పంచుకుంది.

నీటి విషయంలో రాయలసీమ, పాలమూరు, నల్గొండ, ప్రకాశం కరవు పల్లెలు చేసింది ఇంకా ఆసక్తికరం. రైతులే యజమానులుగా సాగిన భూగర్భజల ప్రాజెక్టు 2000ల మధ్యలో ఏడు జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్లలో నడిచింది. పొద్దున్నే వానమాపకం రీడింగు చూడటం, బావిలోకి కొలతపరికరం దించి నీటిమట్టం రాసుకోవడం, బోరు నీళ్లు డ్రమ్ములో నిండటానికి పట్టే సమయాన్ని స్టాప్‌వాచ్‌తో లెక్కగట్టడం, ఆడా మగా రైతులే నేర్చుకున్నారు. రబీకి ముందు అందరూ కూర్చుని నీటి బడ్జెట్ వేసేవారు. భూమిలో ఇన్ని నీళ్లున్నాయి, అనుకున్న పంటలకు ఇన్ని కావాలి, లోటు ఇంత. వరి వేయొద్దని ఎవరూ హుకుం జారీ చేయలేదు. లెక్క కళ్లముందు గోడమీద ఉంది, నిర్ణయం ఎవరిది వాళ్లదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోని నిర్ణయం తీసుకునే నైపుణ్యం కరవు సీమలో ఈ రూపం తీసుకుంది.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి దళిత మహిళల సంఘాలతో పనిచేస్తోంది. జొన్న, కొర్ర, కంది కలిపి వేసే పంటలు, సంఘాల విత్తన నిధులు దాని పునాది. అక్షరం రాని మహిళలు కెమెరా పట్టి సినిమాలు తీశారు. 2008 అక్టోబరులో మాచ్‌నూరులో మొదలైన సంఘం రేడియోను వాళ్లే నడుపుతున్నారు. తమ యాసలో, తమ పంటల గురించి, తమ పాటలతో. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి దక్కింది. పదిమందిలో గొంతు విప్పడం ఇక్కడ శిక్షణ తరగతిలోని అభ్యాసంగా కాక, రోజూ గాలిలోకి వెళ్లే కార్యక్రమంగా ఉంది.

పిల్లల విషయంలో ఇలాంటి పని శాంతా సిన్హా నేతృత్వంలోని ఎం.వి. ఫౌండేషన్‌ది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో, బడిలో లేని ప్రతి పిల్లా పిల్లవాడూ బాలకార్మికులేనన్న సూత్రంతో పనిచేసింది. వెట్టికీ కూలికీ పోతున్న పిల్లలకు శిబిరాల్లో కొన్ని నెలలు చదువు చెప్పి వయసుకు తగ్గ తరగతిలో చేర్చడం సగం పనే. బాలికను పనికి పంపమని అడిగే భూస్వామితో, పెళ్లి కుదిర్చిన మేనమామతో, పేరు రాసుకోనన్న బడితో మాట్లాడటానికి ఊళ్లో పెద్దలతో, యువకులతో బాలల హక్కుల వేదికలు కట్టడం మిగతా సగం. సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు.

తెలుగు పల్లెల ఈ ఉదాహరణలన్నిటిలో ఉమ్మడిగా కనిపించేవి కొన్నున్నాయి. పాఠం ఊరి సమస్యలోంచి పుట్టింది. నేర్పినవాళ్లు నేర్చుకునేవాళ్లలాంటివాళ్లే. నేర్చుకున్నదాన్ని వెంటనే వాడే పని చేతిలో ఉంది. కొన్ని వారాల్లో ముగించలేదు, ఏళ్లు పట్టింది. ఇవి లేకుండా బ్రోచర్లు, ప్రతిజ్ఞలు, ర్యాలీలతో సరిపెట్టిన కార్యక్రమాల పేర్లు ఆ ఊళ్లలోనే ఎవరికీ గుర్తుండవు.

లోపాలూ ఉన్నాయి. భాగస్వామ్యం పేరుతో పెరిగే పని ఎక్కువగా ఆడవాళ్ల నెత్తినే పడుతోంది. కూలికి పోయి వచ్చి, వంట చేసి, మీటింగుకు వచ్చి, సర్వేలు చేసి, కార్యక్రమాలకు హాజరయ్యే మహిళ శ్రమకు చాలాచోట్ల గౌరవ వేతనమే దిక్కు. ఊరంతా ఏకమైందన్న మాట వెనక కులం గీతలు అలాగే ఉంటాయి. సమాఖ్యల పదవులు ఎవరికి దక్కుతున్నాయో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. మగవాళ్లకు, మగపిల్లలకు మహిళా సంఘాల ఏర్పాట్లలో చోటే లేదు. కొట్టడం తప్పని భార్య ఒక్కతే నేర్చుకుంటే చాలదని హర్యానా అనుభవం చెబుతోంది.

సంఘాలలో ఆ దిశగా అసలేమీ లేదనీ అనలేం. సెర్ప్ కాలంలో మండల సమాఖ్యల కింద సామాజిక కార్యాచరణ కమిటీలు, కుటుంబ సలహా కేంద్రాలు ఏర్పడ్డాయి. గృహహింస పంచాయితీలను సంఘాల మహిళలే తీర్చారు. జీవనోపాధుల మిషన్ 2022 నుంచి ఏటా నయీ చేతన పేరుతో హింసకు వ్యతిరేకంగా ప్రచారం నడుపుతోంది. అయితే అవి పక్క వాకిలి పనులుగానే ఉండిపోయాయి. సంఘానికి గ్రేడు వచ్చేది రికవరీని బట్టే గానీ ఎన్ని బాల్యవివాహాలు ఆపిందన్నదాన్ని బట్టి కాదు. మొదట చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం ఉన్నా ఆ కొలత మారలేదు.

2025 మార్చిలో తెలంగాణ మంత్రివర్గం సంఘాల్లో చేరే కనీస వయసును 18 నుంచి 15కు తగ్గించింది. తొమ్మిదో తరగతో పదో తరగతో చదివే అమ్మాయిలు దాంతో సంఘం సభ్యులు కావచ్చు. వాళ్లకు అప్పులివ్వలేరు, పొదుపు నామమాత్రమే. అంటే మొదటిసారిగా, అప్పు ప్రధానం కాని సంఘాలు వేల సంఖ్యలో ఏర్పడే వీలుంది. ఆ మీటింగులో పంచసూత్రాలు మాత్రమే వల్లె వేయిస్తారా, లేక చదువు ఆపేయమన్న నాన్నతో ఎలా మాట్లాడాలో కూడా చర్చిస్తారా? ఆ చర్చను నడిపేందుకు యానిమేటర్‌కు ఏ శిక్షణ ఇస్తారు? బడిలోని ఆరోగ్య రాయబారి టీచరు, ఊళ్లోని అంగన్‌వాడీ కార్యకర్త ఆ చాపమీద కూర్చుంటారా? అదే వయసు అబ్బాయిలకు ఏ గుంపు ఉంది? వీటికి గ్రామీణాభివృద్ధి, విద్య, మహిళా సంక్షేమ శాఖలు కలిసి జవాబు చెప్పాలి. మార్గదర్శకాలు రాసే దశలోనే ఆ జవాబులు చేరితే, ఏ రికవరీ రిజిస్టరూ ఆ మీటింగును ఆక్రమించకముందే దానికి వేరే అజెండా ఉంటుంది.